అరోరాకు రంగు సరే, ఆకారం ఎక్కడిది? తెరలు, సుడులు, మిణుకుల వెనక ఉన్న ప్లాస్మా

విభాగం: ఖగోళం, అంతరిక్ష వాతావరణం

#1 వేగుచుక్క (ఎల్లోనైఫ్, కెనడా)

అందరికీ నమస్కారం. మా ఊళ్లో శీతాకాలమంతా అరోరా (ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే వెలుగులు) కనిపిస్తూనే ఉంటుంది. దాని గురించి తెలుగులో వచ్చిన వ్యాసాలు, వీడియోలు చాలా చూశాను. అన్నీ ఒకే చోట ఆగిపోతున్నాయి. సూర్యుడి నుంచి కణాలు వస్తాయి, గాలిని తాకుతాయి, ఆక్సిజన్ ఆకుపచ్చగా, నైట్రోజన్ నీలంగా వెలుగుతుంది అంటారు. ఇది రంగుకు సమాధానం. నేను అడుగుతున్నది ఆకారం గురించి.

సాయంత్రం ఆకాశంలో తూర్పు పడమరలుగా ఒక పట్టీ కదలకుండా నిలబడుతుంది. అర్ధరాత్రి దగ్గర పడేసరికి దాని కింది అంచు ఒక్కసారిగా ప్రకాశిస్తుంది. నిలువు చారలు లేస్తాయి. పట్టీ మడతలు పడి, సుడులు తిరిగి, కొన్ని నిమిషాల్లో ఆకాశమంతా పరుచుకుంటుంది. తెల్లవారుజామున వ్యవహారం పూర్తిగా మారిపోతుంది. అప్పుడు తెరలేమీ ఉండవు, మసక మచ్చలు కొన్ని సెకన్లకోసారి వెలిగి ఆరుతుంటాయి. సూర్యుడు ఒక్కడే, గాలి ఒక్కటే, రాత్రీ ఒక్కటే. బొమ్మలు మాత్రం మూడు రకాలు. ఎందుకు?

#2 నింగిచూపు (విశాఖపట్నం)

నాకు తెలిసినంతలో చెబుతాను. సూర్యుడి కణాలు భూమి అయస్కాంత బలరేఖల వెంట జారి ధ్రువాల దగ్గర దిగుతాయి. ఆ రేఖలు అక్కడ దాదాపు నిలువుగా ఉంటాయి కాబట్టి వెలుగు కూడా నిలువు తెరలా కనిపిస్తుంది. కణాల ప్రవాహం పెరిగితే తెర కదులుతుంది, తగ్గితే మిణుకుమంటుంది. ఇంతకంటే లోతు ఇందులో ఉందా?

#3 కిరునా_సుధ (కిరునా, స్వీడన్)

చాలా లోతు ఉందండీ. ప్లాస్మా, అంటే విడి ఎలక్ట్రాన్లు, అయాన్లతో నిండి విద్యుత్తును మోసే వాయువు. దాని భౌతికశాస్త్రం నా వృత్తి కాబట్టి కాస్త పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

నింగిచూపు గారూ, కణాలు బలరేఖల వెంట దిగుతాయన్నది నిజమే. చిక్కంతా అవి సూర్యుడి నుంచి నేరుగా వచ్చి పడతాయని అనుకోవడంలో ఉంది. సౌర పవనంలో, అంటే సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల ప్రవాహంలో, ఒక ఎలక్ట్రాన్ శక్తి సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టులు (ఒక వోల్టు తేడాను దాటితే ఎలక్ట్రాన్‌కు వచ్చే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు). అంత బలహీనమైనది నూట పది కిలోమీటర్ల ఎత్తు దాకా గాలిని చీల్చుకుని రాలేదు. ఆకుపచ్చ తెర వెలగాలంటే 1,000 నుంచి 10,000 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంటే దారిలో ఏదో దాని శక్తిని వంద రెట్లు, వెయ్యి రెట్లు పెంచుతోంది. ఆ పెంచే పని ఏ చోట, ఏ పద్ధతిలో జరిగిందన్నదాన్ని బట్టే మీ కంటికి పట్టీయా, సుడియా, మచ్చయా అన్నది తేలుతుంది. వేగుచుక్క గారు చెప్పిన మూడు బొమ్మలకు మూడు వేరువేరు కారణాలు ఉన్నాయి. వాటిని ఒకే వాక్యంలో కలిపేయడం వల్లే తెలుగులోనే కాదు, అన్ని భాషల్లోనూ ఈ విషయం అసంపూర్ణంగా మిగిలిపోతోంది.

ముందు శక్తి ఎక్కడ పోగుపడుతుందో చూద్దాం. సౌర పవనం తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం పగటివైపు నొక్కుకుపోయి, రాత్రివైపు లక్షల కిలోమీటర్ల తోకగా సాగి ఉంటుంది. సౌర పవనం మోసుకొచ్చే క్షేత్రం దక్షిణ దిశగా తిరిగినప్పుడు, పగటివైపు మన బలరేఖలు తెగి దాని రేఖలతో అతుక్కుంటాయి. దీన్నే రీకనెక్షన్ అంటాం. అలా అతుక్కున్న రేఖలను పవనం వెనక్కి ఈడ్చుకెళ్లి తోకలో పేరుస్తుంది. తోక బిగిసి, మధ్యలో పలచబడి, చివరికి అక్కడ రేఖలు మళ్లీ తెగి కొత్తగా కలుస్తాయి. నిల్వ ఉన్న అయస్కాంత శక్తి వేడిగా, వేగంగా మారి ప్లాస్మాను భూమివైపు తోస్తుంది. అరోరాకు ముడిసరుకు ఈ తోకలోని ప్లాస్మా పొర.

ఇప్పుడు మీ సాయంత్రపు పట్టీ. అయస్కాంతావరణంలో (భూమి అయస్కాంత క్షేత్రం ఆవరించిన ప్రాంతంలో) ప్లాస్మా కదిలినప్పుడు విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి వలయం పూర్తి కావాలంటే అవి బలరేఖల వెంట అయనావరణంలోకి (గాలి పైభాగంలో ఆవేశ కణాలున్న పొరలోకి) దిగి, అక్కడ అడ్డంగా పారి, మళ్లీ పైకి ఎక్కాలి. ఎలక్ట్రాన్లది ఋణావేశం కాబట్టి ప్రవాహం పైకి ఎక్కే చోట అవి కిందికి దిగుతాయి. అక్కడ, నేలకు సుమారు 5,000 నుంచి 10,000 కిలోమీటర్ల ఎత్తులో, బలరేఖ వెంబడే కొన్ని వేల వోల్టుల తేడా ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్ దాన్ని దాటగానే దాదాపు అంత శక్తితో కిందికి దూసుకొస్తుంది. ఆ ప్రవాహం తూర్పు పడమరలుగా సాగిన పలుచని రేకులా ఉంటుంది, అందుకే పట్టీ కూడా అలాగే ఉంటుంది. ఆ రేకు నిలకడగా ఉన్నంతసేపు పట్టీ కదలదు.

మిగతా రెండింటికి మళ్లీ వస్తాను.

#4 గోదావరి_గట్టు (కాకినాడ)

సుధ గారూ, నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిని. ఒక సందేహం వదలడం లేదు. ప్లాస్మా మంచి వాహకం కదా. బలరేఖ వెంట ఎలక్ట్రాన్లకు అడ్డేమీ లేదు, ఢీకొనడాలు కూడా అంత ఎత్తులో ఉండవు. వోల్టేజి తేడా ఏర్పడగానే ఎలక్ట్రాన్లు పరుగెత్తి దాన్ని చెరిపేయాలి. వేల వోల్టులు నిలబడటం ఎలా సాధ్యం?

#5 కిరునా_సుధ

ఈ రంగంలోని పెద్దలు కూడా కొన్ని దశాబ్దాల పాటు ఇదే అడిగారు. రేఖ వెంట అలాంటి విద్యుత్ క్షేత్రం ఉండదని గట్టిగా వాదించినవాళ్లూ ఉన్నారు.

కీలకం బలరేఖల ఆకృతిలో ఉంది. భూమికి దగ్గరయ్యేకొద్దీ రేఖలు ఒకచోటికి కుదించుకుంటాయి, క్షేత్రం బలపడుతుంది. రేఖ చుట్టూ తిరుగుతూ దిగే ఎలక్ట్రాన్‌ను బలమైన క్షేత్రం వెనక్కి నెడుతుంది, చాలావరకు అవి మధ్యలోనే తిరిగి వెళ్లిపోతాయి. దాదాపు రేఖకు సమాంతరంగా వచ్చేవి మాత్రమే గాలిదాకా చేరతాయి. వాటి సంఖ్య చాలా తక్కువ. పై నుంచి అయస్కాంతావరణం అంతకంటే ఎక్కువ ప్రవాహం కావాలని ఒత్తిడి చేస్తే, మోయడానికి ఎలక్ట్రాన్లు చాలవు. అప్పుడు రేఖ వెంట వోల్టేజి ఏర్పడి, వెనక్కి మళ్లిపోయే ఎలక్ట్రాన్లను కూడా కిందికి లాగుతుంది. ఎంత ప్రవాహానికి ఎంత వోల్టేజి కావాలో 1973లో నైట్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టాడు. ఆ సంబంధాన్ని ఈనాటికీ ఆయన పేరుతోనే వాడుతున్నాం. వాహకత్వం గురించి మీరు చెప్పింది ఢీకొనడాలతో సంబంధం ఉన్న విషయం. ఇక్కడ కొరత మోసే కణాలది.

రాకెట్లు, ఉపగ్రహాలు పట్టీని అడ్డంగా దాటినప్పుడు ఎలక్ట్రాన్ శక్తి అంచున తక్కువగా మొదలై, నడిమధ్యలో గరిష్ఠానికి చేరి, అవతలి అంచున మళ్లీ తగ్గుతుంది. 1970ల నుంచి ఎన్నోసార్లు కనిపించిన నమూనా ఇది.

#6 విశ్రాంత_లెక్చరర్ (హైదరాబాద్)

చర్చ చాలా బాగుంది. చరిత్ర కొంచెం చేర్చనివ్వండి.

బలరేఖల వెంట ప్రవాహాలు ఉన్నాయని మొదట అన్నది నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో శూన్య పేటికలో అయస్కాంతపు గోళాన్ని పెట్టి, దానిమీద ఎలక్ట్రాన్లు కురిపించి, ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు రప్పించాడు. ఆయన జీవితకాలంలో, ఆ తరువాత చాలా ఏళ్లు ఆ ప్రవాహాల ఆలోచనను పెద్దగా ఒప్పుకోలేదు. 1960లు, 70లలో ఉపగ్రహాల్లోని అయస్కాంతమాపకాలు వాటిని నిర్ధారించాయి. ఇప్పుడు వాటి పేరే బిర్కెలాండ్ ప్రవాహాలు.

రెండోవాడు స్వీడన్‌కు చెందిన హాన్నెస్ ఆల్వెన్. ప్లాస్మాలో బలరేఖలు బిగించిన తీగల్లా కంపిస్తూ తరంగాలను మోసుకెళ్లగలవని 1942లో రాశాడు. 1970లో నోబెల్ వచ్చింది. రేఖ వెంట వోల్టేజి నిలబడగలదని పట్టుబట్టినవాళ్లలో కూడా ఆయన ముఖ్యుడు.

సుధ గారూ, నిలకడైన వోల్టేజితో నిలకడైన పట్టీ వస్తుందని అర్థమైంది. అర్ధరాత్రి చారలు, పరుగులు ఆల్వెన్ తరంగాల పనే అనుకుంటున్నాను. సరేనా?

#7 కిరునా_సుధ

సరిగ్గా అంతేనండీ. తోకలో రీకనెక్షన్ మొదలై ప్లాస్మా భూమివైపు విసురుగా వచ్చినప్పుడు బలరేఖలు కుదుపుకు లోనవుతాయి. ఆ కుదుపు ఆల్వెన్ తరంగంగా రేఖ వెంట భూమివైపు ప్రయాణిస్తుంది. మామూలుగా ఈ తరంగానికి రేఖ దిశలో విద్యుత్ క్షేత్రం ఉండదు. కానీ అది అడ్డంగా చాలా సన్నని ముక్కలుగా, ఒక్కోసారి కిలోమీటరుకు లోపు వెడల్పుకు చీలిపోయినప్పుడు రేఖ దిశలో కూడా క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రం ఎలక్ట్రాన్లకు శక్తినిస్తుంది.

ఎలా ఇస్తుందంటే, కదిలే బస్సు పక్కన దాదాపు అదే వేగంతో పరుగెత్తేవాడు కడ్డీ పట్టుకుని ఎక్కేయగలడు, నిలబడ్డవాడిని బస్సు దాటిపోతుంది. అలాగే తరంగ వేగానికి దగ్గరి వేగంలో ఉన్న ఎలక్ట్రాన్ మాత్రమే దాని క్షేత్రంలో ఎక్కువసేపు ఉండి శక్తి అందుకుంటుంది. తరంగం ఆ మేరకు క్షీణిస్తుంది. 1946లో భౌతికశాస్త్రవేత్త లెవ్ లాండౌ లెక్కగట్టిన ప్రక్రియ ఇదే. అంతరిక్షంలో దీన్ని నేరుగా కొలవడం కష్టం, ఎందుకంటే ఉపగ్రహం ఆ చోటును క్షణాల్లో దాటేస్తుంది. అందుకే లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉన్న ఇరవై మీటర్ల ప్లాస్మా గొట్టంలో ఆల్వెన్ తరంగాలను పంపి, ఎలక్ట్రాన్ల వేగాలను కొలిచారు. లెక్క చెప్పిన వేగం దగ్గరే ఎలక్ట్రాన్లు శక్తి అందుకున్నాయని 2021లో ప్రచురించారు. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఇది.

ఇలా వచ్చే ఎలక్ట్రాన్లన్నీ ఒకే శక్తితో ఉండవు. కొన్ని ఎత్తులో ఆగిపోతాయి, కొన్ని కిందిదాకా వస్తాయి. అందుకే ఆ చారలు చాలా పొడవుగా, పైకంటా వెలుగుతాయి. తరంగం మారినకొద్దీ సెకను లోపే మారిపోతాయి.

#8 కాల్గరీ_కెమెరా (కాల్గరీ, కెనడా)

ఫోటోలు తీసేవాడిగా ఒక విషయం. పదిహేను సెకన్ల ఎక్స్‌పోజర్‌లో సుడులన్నీ కలిసిపోయి మెత్తని మబ్బులా వస్తాయి. వీడియోలో తీస్తే అదే చోట చిన్నచిన్న సుడులు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుతాయి. అవి దాదాపు ఎప్పుడూ గడియారం ముల్లుకు వ్యతిరేకంగానే తిరుగుతున్నాయి. ఇది యాదృచ్ఛికమా?

ఇంకొకటి, ఎరుపు మాత్రం ఎంత వేగంగా తీసినా ముద్దగానే ఉంటోంది. లెన్స్ మార్చినా అంతే.

#9 కిరునా_సుధ

మంచి పరిశీలన. రెండింటికీ సమాధానం ఉంది.

సన్నని పట్టీలో దిగుతున్న ఎలక్ట్రాన్ల వల్ల ఆ రేకులో ఋణావేశం పోగవుతుంది. కాబట్టి విద్యుత్ క్షేత్రం రెండు పక్కల నుంచీ పట్టీవైపు చూపిస్తుంది. ప్లాస్మా విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు రెండింటికీ లంబంగా జరుగుతుంది. ఉత్తరార్ధగోళంలో అయస్కాంత క్షేత్రం కిందికి ఉంటుంది కదా, లెక్క వేస్తే పట్టీకి ఉత్తరం పక్క ప్లాస్మా తూర్పుకు, దక్షిణం పక్క పడమరకు జరగాలి. పక్కపక్కనే ఎదురెదురు ప్రవాహాలు ఉంటే మధ్య సరిహద్దు అస్థిరమై సుడులుగా చుట్టుకుంటుంది. కెల్విన్, హెల్మ్‌హోల్ట్జ్‌ల పేరు మీద ఉన్న అస్థిరత ఇదే. గోదావరి_గట్టు గారూ, సదిశల గుణకారం మీరే వేసి చూడండి. నేల మీది నుంచి తల ఎత్తి చూసేవాడికి ఆ సుడి గడియారానికి వ్యతిరేక దిశలోనే కనిపించాలి. కొన్ని కిలోమీటర్ల సుడి తిరిగే దిశను బట్టి తల మీద ఏ ఆవేశం పోగైందో చెప్పగలగడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

పదుల కిలోమీటర్ల పెద్ద మడతలు, ఇంకా పెద్ద సర్పిలాలు వేరే సంగతి. సర్పిలాల్లో బలమైన ప్రవాహం బలరేఖలనే మెలితిప్పుతుంది.

ఇక ఎరుపు. 557.7 నానోమీటర్ల ఆకుపచ్చను వెదజల్లే ఆక్సిజన్ పరమాణువు ఉత్తేజితమయ్యాక సగటున 0.7 సెకను ఆగి కాంతినిస్తుంది. 630 నానోమీటర్ల ఎరుపుకు ఆ సమయం 110 సెకన్ల దాకా ఉంటుంది. ఈలోగా ఎలక్ట్రాన్ల వాన వేరే చోటికి మారిపోతుంది, పరమాణువు కూడా గాలితో పాటు కదిలిపోతుంది. దిగువన అయితే వేరే అణువులు ఢీకొని ఆ శక్తిని కాంతి కాకుండానే లాగేసుకుంటాయి. అందుకే ఎరుపు రెండు వందల కిలోమీటర్ల పైనే ఉంటుంది, దానిలో సన్నని గీతలు ఉండవు. మీ లెన్స్‌లో లోపం లేదు. సెకనుకు పదిసార్లు దాకా ఊగిసలాడే అరోరా కూడా ఉంది. దాన్ని అందుకోవాలంటే ఆకుపచ్చ కూడా ఆలస్యమే, కాబట్టి ఎలక్ట్రాన్ తాకిన వెంటనే వెలిగే నైట్రోజన్ నీలి కాంతిని వడకట్టి తీస్తాం.

#10 వేగుచుక్క

రెండు బొమ్మలు తేలాయి. తెల్లవారుజాము మచ్చలు మిగిలాయి. అవి నాకు మరీ వింత. ఒక మచ్చ ఆరిపోయి మళ్లీ వెలిగినప్పుడు అదే ఆకారంలో, అదే చోట వెలుగుతుంది. గాలికి ఆ ఆకారం గుర్తుండదు కదా?

#11 కిరునా_సుధ

గాలిలో ఆ ఆకారం లేదు. అది భూమధ్యరేఖ తలానికి దగ్గరగా, పదుల వేల కిలోమీటర్ల ఎత్తున అంతరిక్షంలో ఉంది. మీ తలమీది బలరేఖ అంత దూరం వెళ్లి, వంగి, దక్షిణార్ధగోళంలో దిగుతుంది. ఆ వంపు మధ్యలో ఉన్న ప్లాస్మా ముద్ద ఆకారాన్ని రేఖలు మీ ఆకాశం మీద అచ్చు వేస్తున్నాయి.

ఇక్కడ వోల్టేజి పాత్ర లేదు. తోక నుంచి వచ్చిన వేడి ఎలక్ట్రాన్లు రెండు అర్ధగోళాల మధ్య అటూ ఇటూ ఊగుతూ అర్ధరాత్రి వైపు నుంచి తెల్లవారుజాము వైపు జరుగుతుంటాయి. వాటికి పదుల వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ముందే ఉంది, కానీ రెండు చివర్ల నుంచీ వెనక్కి మళ్లుతుంటాయి కాబట్టి గాలిలో పడవు. భూమధ్య తలం దగ్గర రేఖ దిశకు రెండు మూడు డిగ్రీల లోపు కోణంలో కదిలేవి మాత్రమే కిందికి రాలిపోతాయి. ఎలక్ట్రాన్ల కదలికలోని అసమానత వల్ల అక్కడ కోరస్ అనే విద్యుదయస్కాంత తరంగాలు పుడతాయి. అవి ఎలక్ట్రాన్ల దిశను కొద్దిగా మార్చి ఆ ఇరుకు కోణంలోకి నెడతాయి. తరంగం లేచినప్పుడు ఎలక్ట్రాన్లు రాలతాయి, మచ్చ వెలుగుతుంది. తరంగం ఆగితే మచ్చ ఆరుతుంది.

కోరస్ పౌనఃపున్యం మన చెవికి వినిపించే పరిధిలోనే ఉంటుంది. రేడియో సంకేతాన్ని స్పీకర్‌కు ఇస్తే తెల్లవారుజాము పక్షుల కిచకిచలు వినిపిస్తాయి. ఆ పేరు వచ్చింది కూడా అందుకే.

నిరూపణ ఆలస్యంగా వచ్చింది. 2010లో నాసా థెమిస్ ఉపగ్రహాల్లో ఒకటి కొలిచిన కోరస్ బలానికీ నేల మీది కెమెరాలో మచ్చ మిణుకుకూ పొంతన ఉందని చూపించారు. కానీ ఎలక్ట్రాన్లు ఆ ఇరుకు కోణంలోకి నిజంగా పడుతున్నాయా అన్నది ఉపగ్రహం మీద కొలవడానికి చాలా సూక్ష్మమైన పరికరం కావాలి. జపాన్ 2016 డిసెంబరులో ప్రయోగించిన అరాసే ఉపగ్రహం ఆ పని చేసింది. కోరస్ లేచిన ప్రతిసారీ ఆ కోణంలో ఎలక్ట్రాన్లు నిండటం, అదే సమయంలో కెనడాలోని కెమెరాలో ఆ రేఖ గాలిలోకి దిగే చోట మచ్చ వెలగడం కలిపి 2018లో చూపించారు.

#12 నింగిచూపు

అద్భుతంగా ఉంది. అర్ధరాత్రి అంచు ఒక్కసారిగా వెలగడానికి తోకలో రీకనెక్షన్ కారణమన్నారు. థెమిస్ ఉపగ్రహాలు 2008లో దాన్ని తేల్చేశాయని చదివాను. ఆ ప్రశ్న ముగిసినట్టేనా?

#13 కాల్గరీ_కెమెరా

ముగిసిందనే అనుకుంటున్నాను. అయిదు ఉపగ్రహాలు ఒకే వరుసలో ఉండగా 2008 ఫిబ్రవరి 26న పట్టుకున్నారు. భూమి నుంచి చంద్రుడి దూరంలో మూడో వంతు దగ్గర రీకనెక్షన్ ముందు మొదలైంది, అరోరా తరువాత వెలిగింది. నేల మీద కెనడా, అలాస్కా అంతటా పెట్టిన కెమెరాలు కూడా ఆ పనిలో భాగమే.

#14 కిరునా_సుధ

ఆ ఒక్క సంఘటనలో వరుస అదే. దాన్ని ప్రతి రాత్రికీ వర్తింపజేయడానికి నేను ఒప్పుకోను. అర్ధరాత్రి అంచు ఒక్కసారిగా వెలిగే ఆ విస్ఫోటానికి ఒకటి రెండు నిమిషాల ముందు, పట్టీ మీద పదుల కిలోమీటర్ల ఎడంతో పూసల వరుస లాంటి చుక్కలు తేలతాయి. అవి వేగంగా ప్రకాశవంతమై, ఆ తరువాతే పట్టీ చిట్లుతుంది. అంత క్రమమైన ఎడం ఉందంటే ఏదో ఒక తరంగం నిర్దిష్ట తరంగదైర్ఘ్యంతో పెరుగుతోందని అర్థం. ఐస్‌లాండ్‌లోనూ, అదే రేఖల రెండో కొసన అంటార్కిటికాలోనూ ఒకేసారి పూసలు కనిపించాయి కాబట్టి దాని మూలం స్థానిక గాలిలో లేదు. 2018లో వచ్చిన విశ్లేషణ పూసల పెరుగుదల ఆల్వెన్ తరంగాల లక్షణాలకు సరిపోతుందని చూపింది. పూసలు వెలిసే పట్టీ భూమికి దగ్గరి రేఖల మీద ఉందని చాలామంది లెక్క. అంటే దగ్గరి ప్లాస్మాలోనే ఒక అస్థిరత ముందు పుడుతోందని కొందరు, దూరపు రీకనెక్షన్ నుంచి వచ్చిన ప్రవాహం దాన్ని రెచ్చగొడుతోందని కొందరు అంటున్నారు. 1964లో అకసోఫు అనే శాస్త్రవేత్త ఈ విస్ఫోటపు దశలను గీసి చూపించాడు. మొదటి రెండు నిమిషాల మీద ఇంకా తగువు నడుస్తోంది.

#15 కాల్గరీ_కెమెరా

ఒప్పుకుంటాను, పూసల వరుస నా వీడియోల్లో చాలాసార్లు చూశాను. అయితే రీకనెక్షన్ లేకుండా అంత శక్తి రాదని మాత్రం గట్టిగా నమ్ముతాను.

#16 కిరునా_సుధ

శక్తి విషయంలో మన ఇద్దరిదీ ఒకే మాటండీ. ముందు ఎవరు, వెనక ఎవరు అన్నదే ప్రశ్న.

#17 ఔలు_వాసి (ఔలు, ఫిన్లాండ్)

ప్రతి ఆకారమూ ప్లాస్మాదే కాదని ఇక్కడ చెప్పాలి. 2018 అక్టోబరులో ఫిన్లాండ్ ఔత్సాహిక ఫోటోగ్రాఫర్లు ఆకుపచ్చ వెలుగులో సమానమైన ఎడంతో సమాంతర చారలు గమనించారు. వాటికి దిబ్బలు అని పేరు పెట్టారు. హెల్సింకి విశ్వవిద్యాలయ బృందం వాళ్లతో కలిసి లెక్కవేస్తే ఎత్తు సుమారు 100 కిలోమీటర్లు, తరంగదైర్ఘ్యం సుమారు 45 కిలోమీటర్లు తేలాయి. 2020లో ప్రచురించారు. అవి గాలిలోని తరంగాలని వాళ్ల వివరణ. ఎలక్ట్రాన్ల వాన సమానంగానే పడుతున్నా, కింద ఆక్సిజన్ ఒత్తుగా ఉన్న చోట ఎక్కువ వెలుగు, పలచగా ఉన్న చోట తక్కువ వెలుగు వస్తుంది.

ఊదారంగు గీత స్టీవ్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. కెనడాలో ఔత్సాహికులే కదా బయటపెట్టింది.

#18 కాల్గరీ_కెమెరా

అవునండీ, అల్బెర్టా ఔత్సాహికులు. మామూలు అరోరాకు దక్షిణంగా, తూర్పు పడమరలుగా సన్నని ఊదా గీత. ఐరోపా స్వార్మ్ ఉపగ్రహం దాన్ని దాటినప్పుడు ప్లాస్మా పడమరకు సెకనుకు అయిదు కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతోందని, చాలా వేడిగా ఉందని తేలింది. 2018లో ప్రచురించారు. ఆ గీతలో పై నుంచి ఎలక్ట్రాన్లు రాలడం లేదని కూడా అదే ఏడాది మరో పరిశీలన చెప్పింది. కాబట్టి దాన్ని మామూలు అర్థంలో అరోరా అనలేం. దాని కింద వచ్చే ఆకుపచ్చ కంచె ఎలా పుడుతుందన్నది ఇంకా చర్చలోనే ఉంది.

#19 విశ్రాంత_లెక్చరర్

మన దేశం సంగతి. 2024 మే 10, 11 తేదీల భూ అయస్కాంత తుఫానులో (సూర్యుడి ప్రభావంతో భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమైనప్పుడు) లద్దాఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న భారత ఖగోళ వేధశాల కెమెరాలు ఎర్రటి కాంతిని పట్టుకున్నాయి. హాన్లే 33 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. అందులో తెరలు, సుడులు ఏవీ లేవు. ఎరుపు ఒక్కటే ఎందుకన్నది చిన్న లెక్కతో చూడవచ్చు. 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న వెలుగు సుమారు 2,200 కిలోమీటర్ల దూరం నుంచి కూడా దిగంతం మీద కనిపిస్తుంది. 110 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆకుపచ్చ 1,200 కిలోమీటర్లు దాటితే దిగంతం కిందికి పోతుంది.

మన హైదరాబాద్‌లో కాంతి కనిపించదు కానీ ఆ తుఫాను నమోదవుతుంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1964 నుంచి ఇక్కడ అయస్కాంత వేధశాల నడుపుతోంది. ఆ మే తుఫానులో తక్కువ అక్షాంశాల దగ్గర క్షేత్రం సుమారు 400 నానోటెస్లాలు పడిపోయింది, అంటే నూటికి ఒక వంతు దాకా. భూమి చుట్టూ తిరిగే వలయ ప్రవాహం బలపడటమే కారణం. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య ఎల్1 ఇప్పుడు సౌర పవనాన్ని ముందే కొలుస్తోంది కాబట్టి మన విద్యార్థులకు ఇది పరాయి విషయం కాదు.

#20 కిరునా_సుధ

ఒక్క మాట చేరుస్తాను. మధ్య అక్షాంశాల్లో కనిపించే ఎరుపులో కొంత పూర్తిగా వేరే రకం. మీరన్న వలయ ప్రవాహపు వేడి బలరేఖల వెంట నెమ్మదిగా అయనావరణంలోకి దిగి, అక్కడి ఎలక్ట్రాన్లను వేడెక్కిస్తుంది. ఆ వేడి ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌లో ఎరుపుకు సరిపడే శక్తిని మాత్రమే ఇవ్వగలవు, ఆకుపచ్చకు చాలవు. అందుకే ఆకుపచ్చ లేని, కదలని ఎర్రని వంపు వస్తుంది. 1956లో ఫ్రాన్స్‌లో మొదట గుర్తించారు. హాన్లే కెమెరాలు 2023లో పట్టుకున్న ఎరుపును కూడా ఆ రకంగానే వర్ణించారు.

#21 గోదావరి_గట్టు

సుధ గారూ, సదిశల లెక్క వేశాను, మీరు చెప్పిన దిశే వచ్చింది. చివరగా ఒకటి. వేగుచుక్క గారి మచ్చల మధ్య, పట్టీల మధ్య నల్లని చీలికలు ఫోటోల్లో చూశాను. అక్కడ ఎలక్ట్రాన్లు పడటం లేదంతేనా, లేక దానికీ ఒక ప్రక్రియ ఉందా?

#22 కిరునా_సుధ

రెండు రకాలూ ఉన్నాయి. మసక వెలుగు మధ్యలో వచ్చే నల్ల మచ్చల్లో చాలావాటిలో ఎలక్ట్రాన్లను కిందికి నెట్టే తరంగం ఆ చోట పనిచేయడం లేదనే వివరణ ఉంది. పట్టీల పక్కన వచ్చే నల్లని సన్నని చీలికలు మాత్రం చురుకైనవి. పైకి ఎక్కిన ప్రవాహం ఎక్కడో ఒకచోట కిందికి దిగాలి కదా. దిగే చోట ఎలక్ట్రాన్లు పైకి పోవాలి. అక్కడ వోల్టేజి తలకిందులుగా ఉంటుంది, అయనావరణపు ఎలక్ట్రాన్లను అంతరిక్షంలోకి లాగేస్తుంది. అక్కడ ఆవేశం గుర్తు కూడా తారుమారు కాబట్టి, ఆ చీలికల అంచున సుడులు పుడితే వెలుగు సుడులకు ఎదురు దిశలో, గడియారం ముల్లు దిశలో తిరుగుతాయి. 2001 జనవరిలో ఐరోపా క్లస్టర్ ఉపగ్రహాలు నాలుగూ అలాంటి చోటును ఒకదాని వెనక ఒకటి దాటాయి. మొదటిది దాటినప్పుడు చిన్నగా ఉన్న వోల్టేజి కొన్ని నిమిషాల్లో పెరిగి, చివరిది వచ్చేసరికి కనుమరుగైంది. లాగడానికి ఎలక్ట్రాన్లు కరవైనకొద్దీ చీలిక వెడల్పవుతుంది.

వేగుచుక్క గారూ, మీ దగ్గర వీడియో తీయగల కెమెరా ఉంటే పట్టీకి ఆనుకుని ఉన్న నల్లని గీత మీద పెట్టి, సుడి ఎటు తిరుగుతోందో చూసి ఇక్కడ రాయండి. సమయం, దిక్కు కూడా రాస్తే ఆ రాత్రి అయస్కాంత వేధశాల నమోదులతో పోల్చి చూద్దాం.